ఒకే డిస్కు, రెండు కాపురాలు

హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఆన్ చేయగానే "ఉబుంటునా, విండోసా?" అని అడిగే నల్లతెర ఎదురైతే కంగారుపడకండి. అంబర్‌పేట్‌లో ఒకే ఇంటిని వాటాలుగా అద్దెకిచ్చినట్టు, అక్కడ ఒకే డిస్కును రెండు సిస్టమ్‌లకు పంచారు. ఆ పంపకంలో కొన్ని విశేషాలున్నాయి.

చూపు ఒకవైపే. ఉబుంటు అనే లినక్స్‌లోంచి చూస్తే విండోస్ వాళ్ల సి డ్రైవ్, డి డ్రైవ్ అన్నీ కనిపిస్తాయి. విండోస్‌లోంచి చూస్తే లినక్స్ వాటా ఉన్న ఊసే ఉండదు. 1993లో విండోస్ ఎన్‌టీతో పుట్టిన ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవడం లినక్స్‌వాళ్లు పట్టుబట్టి నేర్చుకున్నారు. 2007కల్లా ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీతో రాయడమూ నమ్మకంగా కుదిరింది. 2021లో 5.15 కెర్నల్‌లోకే కొత్త డ్రైవర్ చేరింది. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4ను చదివే ప్రయత్నం విండోస్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం చేయలేదు. అంతకంటే ప్రమాదం, ఎక్స్‌ట్4 పెన్‌డ్రైవ్ పెడితే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. ఒప్పుకుంటే నోట్సు గోవిందా!

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌తో ఇప్పుడు విండోస్‌లోనూ ఎక్స్‌ట్4 డిస్కును చూడొచ్చు. అయితే ఆ వాటా విండోస్ ఉన్న డిస్కు మీదే ఉంటే కుదరదు, వేరే డిస్కు కావాలి. ఒకే డిస్కున్న లాప్‌టాప్‌కి ఏం లాభం?

షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదని తెలుసా? విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. కెర్నల్ ఉన్న స్థితిని డిస్కులో దాచిపెట్టి, మర్నాడు అక్కణ్నుంచే లేస్తుంది. ఆ మధ్యలో లినక్స్ లోపలికొస్తే సి డ్రైవ్ ఇంకా వాడకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. దాంతో చదవనిస్తుంది, రాయనివ్వదు, లేదా అసలు తెరుచుకోదు. పాపం చాలామంది డిస్కు పాడైందనుకుంటారు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, లేదా రీస్టార్ట్ కొట్టండి. విసుగొస్తే పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

గడియారం గొడవ మనకు బాగా తెలిసిన అంకెతో వస్తుంది: ఐదున్నర గంటలు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్ వాడి వచ్చాక ఉదయం పదింటికి విండోస్ నాలుగున్నర చూపిస్తుంది. చలికాలంలో లండన్‌వాళ్లకు ఈ బాధ లేదు, అప్పుడు వాళ్ల సమయమూ యూటీసీయే.

తెలుగులో ఫైలు పేరు పెట్టేవాళ్లు ఇది తప్పక చూడాలి. పేరుకు రెండు చోట్లా హద్దు 255. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అవి యూనికోడ్ యూనిట్లు, ఎక్స్‌ట్4లో బైట్లు. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. 'చిక్కడపల్లి'లో గుణింతాలు, పొల్లులు విడదీస్తే పదకొండు గుర్తులు, అంటే ముప్పైమూడు బైట్లు. లినక్స్‌లో 85 గుర్తులు దాటితే సరుకు పట్టదు. 'పాత ప్రశ్నపత్రాలు జవాబులతో సహా' అంటూ సాగదీసిన పీడీఎఫ్ విండోస్‌లో హాయిగా ఉండి, ఇటు కాపీ చేస్తే "పేరు పొడవైపోయింది" అని మొరాయించేది అందుకే. తెలుగు మెనూలతో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌దే అయినా, ఈ బైట్ల లెక్కను ఎవరూ తప్పించలేరు.

లినక్స్‌లో Notes, notes రెండు వేరే ఫైళ్లు, విండోస్‌కు రెండూ ఒకటే. పేరులో కోలన్ పెట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ వాటాలో సేవ్ చేస్తే లినక్స్ ఊరుకున్నా, విండోస్ దాన్ని తెరవలేదు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ తేదీలను 1601 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. అప్పటికి చార్మినార్ కట్టి పదేళ్లు, గోల్కొండ గద్దె మీద మహమ్మద్ కులీ కుతుబ్‌షా! 1601 ఎందుకంటే, గ్రెగరియన్ క్యాలెండర్ 400 ఏళ్లకోసారి తిరిగొస్తుంది, ఎన్‌టీ తయారైనప్పుడు నడుస్తున్న చుట్టు 1601లో మొదలైంది. లినక్స్ లెక్క 1970 నుంచి. విండోస్ పాత ఫైల్ సిస్టమ్ ఫ్యాట్‌ది 1980 నుంచి, అదీ రెండేసి సెకన్ల చొప్పున.

ఇద్దరికీ ఉమ్మడి వాటా కావాలంటే? ఫ్యాట్32లో 4 జీబీ ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్‌ను మైక్రోసాఫ్ట్ 2019లో బయటపెట్టాక లినక్స్‌లో చక్కగా నడుస్తోంది. కానీ దానికి జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. కాపీ మధ్యలో కరెంటు పోతే డెస్క్‌టాప్‌వాళ్ల గతి దేవుడికే ఎరుక. జర్నల్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ నయం. అది దెబ్బతింటే బాగుచేసే చెక్‌డిస్క్ మాత్రం విండోస్‌లోనే ఉంటుంది, లినక్స్‌లో దొరికే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ పైపై మరమ్మతులే చేస్తుంది. కాబట్టి ఉబుంటు మోజులో విండోస్‌ను మొత్తంగా ఊడ్చేయకండి.