తాళంచెవి లేని కాపలాదారు

సీ భాషలో నెట్‌వర్క్ సర్వర్ రాయడం పెద్ద విద్యేమీ కాదు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ అందుకు నాలుగు మెట్లు కట్టి పెట్టింది. సాకెట్ తెరవాలి, దానికి పోర్ట్ నంబరు కేటాయించాలి, పిలుపుల కోసం చెవి ఒగ్గి కూర్చోవాలి, వచ్చిన పిలుపును అందుకోవాలి. అక్కడి నుంచి చదవడం, జవాబు రాయడం. యాభై అరవై పంక్తుల్లో పనిచేసే సర్వర్ సిద్ధమవుతుంది. నలభై ఏళ్లు దాటినా ఈ మెట్లు మారలేదు. ఆ సర్వర్ భద్రంగా ఉండాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారుతూ వచ్చింది. జాగ్రత్తగా రాయాలి, అంతే, అని మొదట్లో అనుకునేవారు. ఇప్పటికీ చాలామంది నమ్మకం అదే. కానీ ఈ యంత్రం జీవితకథను వరుసగా చూసుకుంటూ వస్తే ఆ జవాబు సరిపోదని తేలుతుంది. ఎవరో తెలియనివాడు పంపిన బైట్లను చదివే కోడ్ దగ్గర దోచుకోదగ్గదేదీ ఉండకూడదు. జాగ్రత్త దాని తర్వాతే.

1988 నవంబర్ 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన ‘పురుగు’ ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. నెట్‌లో ఉన్న దాదాపు 60,000 కంప్యూటర్లలో పదో వంతు దెబ్బతిన్నాయని అప్పట్లో అంచనా వేశారు. అది ఎంచుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్. ఒక యంత్రంలో ఎవరెవరు పనిచేస్తున్నారో చెప్పడం తప్ప ఆ సర్వర్‌కు వేరే పని లేదు. దానికి వచ్చే ప్రశ్నను దాచుకోవడానికి 512 బైట్ల చోటు ఉంచారు. చదివే పని ‘గెట్స్’ అనే ఫంక్షన్‌కు అప్పగించారు. ఆ చోటు ఎంతుందో గెట్స్‌కు తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు. పంక్తి పూర్తయ్యేదాకా వచ్చినదంతా మెమరీలో కుమ్మరిస్తూ పోతుంది. పురుగు 536 బైట్లు పంపింది. ఎక్కువైన ఆ కొన్ని బైట్లు పక్కనున్న స్టాక్‌లోకి పొర్లాయి. ఫంక్షన్ పని ముగించుకుని ఎక్కడికి తిరిగి వెళ్లాలో సూచించే చిరునామా ఉండేది అక్కడే. ఆ చిరునామా మారిపోగానే, వాక్స్ యంత్రాల్లో ఫింగర్ సర్వర్ తన పని వదిలేసి పురుగు పంపిన ఆదేశాలను నడిపింది. సన్ కంప్యూటర్ల మీద అదే దెబ్బ పారలేదు, పురుగు పంపిన ఆదేశాలు వాక్స్ భాషలోవి కాబట్టి. ఆ తర్వాత ఇరవై మూడేళ్లకు, 2011 నాటి సీ ప్రమాణంలో గెట్స్‌ను పూర్తిగా తీసేశారు.

ఈ కథ విన్నవాళ్లంతా నేర్చుకునే పాఠం పొడవు సరిచూడమనే. పాఠంలో తప్పేమీ లేదు. అయితే దీని వెనక ఇంకో లోపం ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. 1024 కన్నా చిన్న పోర్టులను రూట్ మాత్రమే తెరవాలన్నది బర్క్‌లీ యూనిక్స్ పెట్టిన కట్టుబాటు. రూట్ అంటే యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్న ఖాతా. మెయిల్ పోర్ట్ 25, ఫైళ్ల బదిలీ పోర్ట్ 21, రెండూ ఆ హద్దు లోపలివే. దాంతో ఈ సర్వర్లు రూట్‌గా పుట్టక తప్పలేదు. పుట్టాక ఆ అధికారాన్ని వదులుకోవచ్చు, కానీ చాలా ప్రోగ్రాములు ఆ పని చేయలేదు. వీధి గుమ్మంలో కూర్చుని దారినపోయే ప్రతి ఒక్కరితో మాట్లాడే కాపలాదారు జేబులోనే బీరువా తాళంచెవి పెట్టినట్టయింది. అతణ్ని ఎవరైనా బుట్టలో వేసుకుంటే గుమ్మం ఒక్కటే కాదు, ఇల్లంతా వాళ్లదే.

ఆ తాళంచెవిని తీసేయాలని పట్టుబట్టిన వాళ్లలో డేనియల్ బెర్న్‌స్టైన్ ఒకరు. 1995 చివర్లో మొదలుపెట్టిన క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్‌ను ఆయన ఒకే పెద్ద ప్రోగ్రాముగా రాయలేదు. బయటి ఉత్తరాన్ని అందుకునేది ఒకటి, వరుసలో పెట్టేది ఒకటి, పంపించేది మరొకటి. ఒక్కొక్కటి వేర్వేరు ఖాతాల కింద నడుస్తూ, మరొక దాన్ని నమ్మకుండా పనిచేసేలా తీర్చిదిద్దారు. 1997లో, భద్రతాలోపం చూపించినవారికి 500 డాలర్లు ఇస్తానని ప్రకటించారు కూడా. బెర్న్‌స్టైన్ జాగ్రత్తకు మారుపేరు. అయినా 2005లో భద్రతా పరిశోధకుడు జార్జి గునిన్‌స్కీ ఆ కోడ్‌లో లెక్క పొంగిపోయే లోపాలను చూపించారు. 64-బిట్ యంత్రంలో గిగాబైట్ల కొద్దీ మెమరీ దొరికితే ఒక పొడవు లెక్క తిరగబడుతుంది. మెయిల్ ప్రాసెస్‌కు అంత మెమరీ ఎవరూ ఇవ్వరని బెర్న్‌స్టైన్ కొట్టిపారేశారు. 2020లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు అదే లోపంతో డెబియన్ లైనక్స్‌లో క్యూమెయిల్‌ను ఛేదించి చూపించారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ దాడితో దాదాపు ఏ యూజర్ ఖాతానైనా చేజిక్కించుకోవచ్చు గానీ రూట్‌ను మాత్రం కాదు. జాగ్రత్త ఓడిన చోట కూడా విభజన కొంత కాపాడింది.

ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ కథ ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. దూరాన ఉన్న యంత్రంలోకి లాగిన్ కావడానికి ప్రపంచమంతా వాడే సర్వర్ ఇది. పాస్‌వర్డ్ సరిచూడాలి, ఎవరి ఖాతాలోకైనా మారాలి, కాబట్టి రూట్ లేకుండా దీనికి గడవదు. 2002లో నీల్స్ ప్రోవోస్ దీన్ని రెండుగా చీల్చారు. నెట్‌వర్క్‌తో మాట్లాడే ప్రాసెస్‌కు ఏ అధికారమూ లేదు, ఖాళీ డైరెక్టరీలో బందీగా ఉంటుంది. వెనకాల రూట్‌గా కూర్చున్న చిన్న పర్యవేక్షకుడికి అది సందేశాలు పంపి అడుగుతుంది: ఈ పాస్‌వర్డ్ సరైనదేనా? దీనిమీద సంతకం చేసిపెడతావా? నిర్ణీతమైన ఆ కొద్ది ప్రశ్నలకు తప్ప పర్యవేక్షకుడు దేనికీ జవాబివ్వడు. ఆ ఏడాది జూన్‌లోనే దీనికి పరీక్ష ఎదురైంది. లాగిన్ సమయంలో ఎన్ని జవాబులు పంపుతున్నానో క్లయింటే ఒక సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్యను పాయింటర్ పరిమాణంతో గుణించి, వచ్చినంత మెమరీ తీసుకోవాలి. సంఖ్య మరీ పెద్దదైతే గుణకారం 32 బిట్లు దాటి చిన్న అంకెగా మిగిలిపోతుంది. తీసుకున్న చోటు పిసరంత, పోయబోయేది బిందెడు. అప్పటికే కొత్త విభజనతో వచ్చిన 3.3 వెర్షన్‌లోనూ ఆ లోపం ఉంది. కానీ అందులోకి చొరబడినవాడికి దొరికేది ఏ హక్కూ లేని ఖాళీ గది.

అధికారం వదులుకోవడంలోనూ మెలకువ కావాలి. క్రమం తప్పితే పని చెడుతుంది. ముందు సీహెచ్‌రూట్‌తో ప్రాసెస్‌ను ఖాళీ డైరెక్టరీకి కట్టెయ్యాలి, తర్వాత అదనపు గ్రూపులను, ఆ పైన గ్రూపును, చిట్టచివర యూజర్‌ను మార్చాలి. యూజర్‌ను ముందే మార్చేస్తే గ్రూపును మార్చే హక్కు అప్పటికే పోయి ఉంటుంది, రూట్ గ్రూపు వెన్నంటే ఉండిపోతుంది. ప్రతి పిలుపు ఫలించిందో లేదో చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. 2000లో లైనక్స్ కెర్నెల్‌లో బయటపడిన లోపం వల్ల సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ రూట్‌ను వదిలేశాననుకుంది, నిజానికి వదల్లేదు. అందుకే ఈ పని తెలిసినవాళ్లు అధికారం వదిలాక మళ్లీ రూట్ కావడానికి ప్రయత్నించి చూస్తారు. ఆ ప్రయత్నం ఫలిస్తే సర్వర్‌ను అక్కడికక్కడే ఆపేస్తారు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం బెర్న్‌స్టైన్ నుంచే వచ్చింది. క్యూమెయిల్ అనుభవం మీద 2007లో రాసిన వ్యాసంలో ఆయన, హక్కులు తగ్గించడం మీద పడ్డ శ్రమ పక్కదారి పట్టిందన్నారు. తప్పుల సంఖ్య తగ్గాలి, కోడ్ తగ్గాలి, అన్నిటికన్నా నమ్మి తీరాల్సిన కోడ్ తగ్గాలన్నది ఆయన మాట. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ ఆయన పక్షానే సాక్ష్యం చెబుతుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో అవతలివాడు ఒక చిన్న మాట పంపి, దాని పొడవు 64 కిలోబైట్లని అబద్ధం చెబితే, సర్వర్ నమ్మి ఆ మేరకు తన మెమరీనే తిప్పి పంపేది. వెబ్ సర్వర్ రూట్ అధికారాన్ని ఎప్పుడో వదిలేసి ఉండొచ్చు, అయినా ప్రయోజనం లేకపోయింది. యూజర్ల పాస్‌వర్డ్‌లు, సైట్ రహస్య కీ అన్నీ ఆ మెమరీలోనే ఉన్నాయి. అంటే రూట్ అనే పేరును పట్టుకుని వేలాడితే సరిపోదు. విలువైనది కేవలం అధికారమే కాదు, సమాచారం కూడా. కాబట్టి బెర్న్‌స్టైన్ విమర్శ విభజనను కొట్టివేయదు, గీత ఎక్కడ గీయాలో సరిదిద్దుతుంది. రహస్య కీ ఒక ప్రాసెస్‌లో ఉండి, బయటి బైట్లు చదివేది మరొకటై, సంతకం కావలసినప్పుడు మాత్రమే అడిగి తెచ్చుకుంటే, హార్ట్‌బ్లీడ్‌లో కీ కారిపోయేది కాదు. పాస్‌వర్డ్‌లు మాత్రం కొన్ని అప్పటికీ పోయేవి, దాన్ని ఒప్పుకోవాలి.

మరి సీ భాషనే వదిలేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. రస్ట్ వంటి భాష ఫింగర్ సర్వర్ పొర్లిపోవడాన్నీ, హార్ట్‌బ్లీడ్‌నూ పుట్టనిచ్చేది కాదు. కొత్తగా మొదలుపెట్టే సర్వర్‌కు సీ ఎంచుకోవాలంటే ఇవాళ గట్టి కారణమే చూపించాలి. కానీ 2021 డిసెంబర్‌లో ప్రపంచాన్ని హడలెత్తించిన లాగ్4జె లోపం జావాలోది. మెమరీ తప్పులను జావా అడ్డుకుంటుంది. అయినా లాగ్‌లో రాసుకోవాల్సిన మాటను ఆదేశంగా భావించి, బయటి నుంచి కోడ్ తెచ్చి నడిపింది ఆ లైబ్రరీ. తప్పుల్లో ఒక పెద్ద జాతిని భాష తుడిచిపెట్టగలదు. మిగిలిన జాతుల చేతికి ఏం చిక్కుతుందో నిర్ణయించేది మాత్రం సర్వర్ నిర్మాణమే. పైగా ఇప్పటికే నడుస్తున్న సీ సర్వర్లు రేపటికల్లా మాయం కావు.

2024 జూలైలో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కు మళ్లీ దెబ్బ తగిలింది, ఈసారి విభజన కాపాడలేకపోయింది. లాగిన్ గడువు, మామూలుగా 120 సెకన్లు, దాటగానే మోగే అలారం సిగ్నల్ లాగ్ రాసే ఫంక్షన్‌ను పిలిచేది. మెమరీ కేటాయింపు సగంలో ఉండగా ఆ అలారం మోగితే, లాగ్ కూడా మెమరీ అడిగి సగం పనిని చెదరగొట్టేది. 32-బిట్ లైనక్స్ మీద సగటున దాదాపు 10,000 ప్రయత్నాల్లో ఒకటి గురి తగిలేదని కనిపెట్టిన క్వాలిస్ వాళ్లు తేల్చారు. 2006లో ఒకసారి సరిచేసిన తప్పే పొరపాటున తిరిగొచ్చింది. దొరికింది రూట్, ఎందుకంటే ఆ కోడ్ నడిచింది గీతకు అటువైపు, అధికారం ఉన్న భాగంలో. దిద్దుబాటుతో వచ్చిన 9.8 వెర్షన్‌లో పిలుపులు వినే ప్రోగ్రామును, వచ్చిన ప్రతి పిలుపుతో మాట్లాడే ప్రోగ్రామును విడివిడిగా చేశారు. 2025 ఏప్రిల్ నాటి 10.0 వెర్షన్‌లో గీత ఇంకా లోపలికి జరిగింది. యూజర్‌ను గుర్తించే కోడ్ ఇప్పుడు వేరే ప్రోగ్రాము, లాగిన్ పూర్తికాగానే అది మెమరీ నుంచే వెళ్లిపోతుంది.