కుక్కలకు విషమయ్యే ఇంటి మొక్కలు

మొక్కకు కాళ్ళు లేవు. ఆకు కొరకవచ్చిన జంతువు నుండి అది పారిపోలేదు. అందువల్ల అనేక మొక్కలు రసాయన పదార్థాలతో తమను తాము కాపాడుకొంటవి. మనం మొక్కల విషమనేది చాలావరకు ఈ ఆత్మరక్షణ సాధనమే. పచ్చిక మేసే పశువు చేదాకును చాలావరకు వదలిపెడుతుంది. కుక్క ప్రధానంగా మాంసాహారి కనుక ఆకుల మంచిచెడ్డలు దానికి అంతగా తెలియవు. పైగా కుక్కపిల్లకు మూడవ నెల దాటిన పిమ్మట పాలపళ్ళు రాలి కొత్త పళ్ళు మొలుస్తవి. అప్పుడు చిగుళ్ళ బాధకు అది కంటబడిన ప్రతి వస్తువును కొరుకుతుంది.

జనగామ, మహబూబాబాదు పట్టణాలలో ఇండ్ల ముంగిళ్ళలోను, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల వరండాలలోను అందానికై పెంచుకొనే మొక్కలలో ఇట్టివి కొన్ని ఉండవచ్చు. వాటి విషాలన్నీ ఒకే తీరున పనిచేయవు. ఆ భేదం తెలిసికొంటే కుక్క ప్రాణం కాపాడడం సులభమవుతుంది.

మొదటి రకం నోటిని బాధించేవి. మనీప్లాంటు, మచ్చల ఆకుల డైఫెన్‌బాకియా ఈ కోవకు చెందినవి. ఇవి మన చామ, కంద కుటుంబానివే. చామగడ్డ కోసేటప్పుడు చేతులు దురద పెట్టడం వంటయింట అందరికీ అనుభవమే. ఈ మొక్కల కణాలలో కాల్షియం ఆక్సలేటు అనే లవణం సన్నని సూదుల కట్టలుగా ఉంటుంది. ఆకు నమలగానే ఆ సూదులు నాలుకలో, చిగుళ్ళలో గుచ్చుకొంటవి. కుక్క చొంగ కారుస్తుంది, ముందుకాళ్ళతో మూతి రుద్దుకొంటుంది, దాని పెదవులు వాస్తవి. బాధ వెంటనే కలుగుతుంది కనుక అది సాధారణంగా రెండవ ఆకు జోలికి పోదు. ప్రాణాపాయం అరుదు. గొంతు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయరాదు.

రెండవ రకం గుండెను దెబ్బతీసేవి. పూజకు, బతుకమ్మకు పూలనిచ్చే గన్నేరు, పచ్చగన్నేరు ఇట్టివి. గుండె కండరంలోని ప్రతి కణం సోడియం అయాన్లను మూడేసి చొప్పున వెలుపలికి నెట్టి, పొటాషియం అయాన్లను రెండేసి చొప్పున లోపలికి తీసికొంటుంది. ఈ పని చేసే ‘పంపు’ను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో వెల్లడించాడు. ఇందుకు 1997లో ఆయనకు రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. గన్నేరులోని ఓలియాండ్రిన్ ఈ పంపును పనిచేయనీయదు. కుక్కకు వాంతులవుతవి, గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఎండినా ఆ విషం పోదు. కనుక కత్తిరించిన గన్నేరు కొమ్మలను కుక్క తిరిగే పెరటిలో పడవేయరాదు.

మూడవ రకం నిదానంగా చంపేవి. ఆముదం తెలంగాణ మెట్టపొలాల పాత పంట. దాని గింజలో రిసిన్ అనే ప్రోటీను ఉన్నది. 1888లో దోర్పాత్, అనగా నేటి టార్టూ, విశ్వవిద్యాలయంలో స్టిల్‌మార్క్ దీనిని వేరుచేసి పేరు పెట్టాడు. కణాలలో ప్రోటీనులను తయారుచేసే రైబోసోములను ఇది పాడుచేస్తుంది. రిసిన్ నూనెలో కరగదు. కాబట్టి గింజ నుండి నూనె తీసిన తరువాత అది పిండిలోనే మిగిలిపోతుంది. తగినంతగా వేడిచేయని పిండిలో విషం అట్లే ఉంటుంది. ఆ పిండినే కుండీలకు ఎరువుగా వేస్తారు. కుక్క దానిని ఇష్టంగా తింటుంది. కుండీలో ఉన్నది గులాబి అయినా, దాని మొదట వేసిన ఎరువు ప్రాణం తీయవచ్చునన్నమాట! వాంతులు, రక్తవిరేచనాలు సాధారణంగా ఆరు గంటల తరువాతనే మొదలవుతవి. ఒక్కొక్కప్పుడు రెండు రోజులు కూడా పట్టవచ్చు. తోటలలో పెంచే సైకస్ కూడా ఇట్టిదే. అది కాలేయాన్ని చెడగొడుతుంది. దాని గింజలు ఒకటి రెండు తిన్నా ప్రమాదమే.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతున్నది. వెంటనే అరిపించే మొక్క సాధారణంగా చంపదు. చంపగలిగిన విషం మొదట ఏ గుర్తూ చూపకపోవచ్చు. కుక్క హుషారుగా ఉన్నదని ఊరకుండడం పొరపాటు. గన్నేరు, ఆముదపు పిండి, సైకస్ తిన్నట్లు తెలిసిన మరుక్షణమే పశువైద్యశాలకు తీసికొనిపోవాలి. పోయేలోపల నోటిలో మిగిలిన ఆకు తీసివేసి మంచినీటితో నోరు కడగవచ్చు. ఉప్పునీరు పట్టించి వాంతి చేయించరాదు. ఎక్కువైన ఉప్పే మరొక విషమవుతుంది. తిన్న మొక్క కొమ్మను గాని, ఎరువు సంచిని గాని వెంట తీసికొనిపోతే వైద్యునికి ఎంతో మేలు.

ఉపాధ్యాయులు చామ ఆకు కాడను సన్నగా కోసి, నీటిచుక్కలో గాజుపలకపై ఉంచి సూక్ష్మదర్శినిలో చూపితే విద్యార్థులకు సూదుల కట్టలు కనబడతవి. పని ముగియగానే చేతులు కడుగుకోవాలి. అటుపిమ్మట ప్రతి విద్యార్థి తన ఇంటి కుండీలలోని మొక్కల పేర్లు, వాటికి వేసే ఎరువుల పేర్లు వ్రాసికొని రావాలి. ఆ పట్టికలో పై మూడు రకాలలో ఏది కనబడినా దానిని కుక్కకు, పాకే బిడ్డకు అందని చోటికి మార్చడం ఆ సాయంత్రమే చేయదగిన పని.