మేరియో పరుగును అడ్డు శత్రువులు

పిల్లలున్న యిండ్లలో వీడియో ఆటల పేరు వినని గృహిణి యుండదు. వానివలన కన్నులు చెడుననియు, చదువు కుంటుపడుననియు తల్లులు పెట్టు మొఱ మనకు క్రొత్తది కాదు. ఆట మితిమీరినచోట ఆ మొఱ న్యాయమైనదే. అయినను, ఇంటిలోని కుఱ్ఱవాడు ఒకే ఆటను నూఱుమారులు మొదలిడి నూఱుమారులును నడుమనే విడిచిపెట్టుచుండగా, వాడు వృథాగా ప్రొద్దుపుచ్చుచున్నాడని తీర్పు చెప్పుటకు ముందు, వాడు చేయుచున్న పని యెట్టిదో తెలిసికొనుట మేలు. అందులకై 'స్పీడ్‌రన్' అను పోటీని గూర్చియు, అందు శత్రువుల నడవడి కలిగించు చిక్కులను గూర్చియు ఈ నెల కొంత వ్రాయదలచితిమి.

జపానుదేశపు నింటెండో కంపెనీవారు 1985లో 'సూపర్ మేరియో బ్రదర్స్' అను ఆటను వెలువరించిరి. షిగేరు మియామోటో, తకాషి తెజుక అనువారలు దానిని రూపొందించిరి. మీసములు గల మేరియో గోతులు దుముకుచు, గొట్టములలో దూరుచు, బౌజరను రక్కసుని చెఱనుండి రాకుమారిని విడిపించుటయే అందలి కథ. లోకములు 8, లోకమునకు 4 ఘట్టముల చొప్పున మొత్తము 32. కాని దగ్గరదారి గొట్టములు తెలిసినవారు 8 ఘట్టములతోనే ముగింపగలరు. గడియారము పెట్టుకొని ఈ ఆటను ఎంత త్వరగా ముగింపవచ్చునో చూచుటయే స్పీడ్‌రన్. 2021లో నిఫ్ట్‌స్కీ యను మారుపేరు గల ఆటగాడు 4 నిమిషముల 55 సెకండ్లలోపున ముగించి, అంతవఱ కెవ్వరును దాటని గీటును దాటెను.

ఈ దారిలో ఎదురగు శత్రువులు రెండు తెగలవారు. మొదటి తెగవారి నడవడి ముందుగనే తెలిసియుండును. గూంబా యను చిన్నజంతువు తిన్నగా నడచును. గోడ తగిలిన వెనుదిరుగును. గట్టు తుదకు వచ్చిన ఆగక క్రింద పడును. ఆకుపచ్చ తాబేలు నట్లే పడును. ఎఱ్ఱ తాబేలు మాత్రము అంచు చూచి మరలును. గొట్టములలోని కఱచు పువ్వు, మేరియో ఆ గొట్టమునకు చేరువ నున్నంతసేపు పైకి రాదు. పైగా, ఈ శత్రువులు ఆట మొదలైనప్పటినుండి తమ తావులందు తిరుగుచుండరు. తెర యంచు తమ తావును సమీపించినప్పుడే పుట్టుదురు. కావున ఆటగాడు ప్రతిసారియు ఒకే తీరున పరుగెత్తినచో, గూంబాయు ప్రతిసారి అదే చోట ఎదురగును. శత్రువు పుట్టిన పిదప ఆటగాడు క్షణకాలము తడబడెనా, లెక్క తప్పును: దాటవలసిన దుముకు గూంబా తలపై దిగును, మేరియో అనుకొనని యెత్తునకు ఎగురును, తరువాతి దుముకులన్నియు చెదరును.

చిన్న తడబాటునకు ఇంత వెల యేల యని మీ రడుగవచ్చును. యంత్రము సెకనునకు సుమారు 60 బొమ్మలను తెరపై చూపును. ఒక్కొక్క బొమ్మకు ఫ్రేమని పేరు. ఘట్టము ముగిసిన పిదప తరువాతి ఘట్టమునకు త్రోవ 21 ఫ్రేముల కొకసారి, అనగా సెకనులో సుమారు మూడవవంతున కొకసారి మాత్రమే తెఱవబడును. ఇది రేవులోని పడవవంటిది. వేళకు ముందుగా వచ్చినవారందఱును ఒక్కసారియే ఏరు దాటుదురు. ఒక్క అడుగు వెనుకబడినవాడు మరుసటి పడవకై నిలువవలయును. కావున ఒక తాబేలు కలిగించిన జాగు ఒకప్పుడు ఏమియు నష్టము చేయదు. ఒకప్పుడు 21 ఫ్రేములను హరించును. కట్టకడపటిదగు 8-4 ఘట్టమున మాత్రము పడవ లేదు. బౌజరు వెనుకనున్న గొడ్డలిని తాకగనే గడియారము నిలుచును గనుక అచ్చట ప్రతి ఫ్రేమును లెక్కకు వచ్చును.

ఇక రెండవ తెగవారు చపలచిత్తులు. 8-3 ఘట్టములో సుత్తులు విసరు అన్నదమ్ములు ఎప్పుడు ఎగురుదురో, ఎప్పుడు విసరుదురో ఊహింప శక్యము గాదు. 8-4లో బౌజరు విసరు సుత్తులును అట్టివే. నిజమునకు యంత్రమునకు చపలత్వ మెక్కడిది? మీట వేసినది మొదలు అది ఒక అంకెల వరుసను ఫ్రేము ఫ్రేమునకు మార్చుకొనుచు, ఆ యంకెలనుబట్టి శత్రువులను నడపును. అవే మీటలను అవే ఫ్రేములలో నొక్కినచో సుత్తులును అట్లే పడును. కాని సెకనులో అఱువదవవంతు వఱకు చేయి తప్పకుండుట మనుష్యునకు సాధ్యము కాదు. అందుచే యంత్రమునకు గణితమైనది ఆటగానికి అదృష్టమగును. నాలుగు నిమిషములకు పైగా తప్పు లేక సాగిన పరుగు, దాదాపు తుదిని, ఒక్క సుత్తి దెబ్బతో మట్టిపాలగును!

శత్రువు మేలు చేయు సందర్భమును గలదు. 8-2 ఘట్టము చివర ఫిరంగిగుండు తగిన యెత్తున వచ్చినచో, ఆటగాడు దానిపై కాలూని జెండాస్తంభముకడ దిగి, జెండా దిగునంతవఱకు ఆగు వ్యవధిని తప్పించుకొనును. ఆ గుండు వచ్చుటయు అదృష్టాధీనమే.

ఇట్టిచో నేర్పరులు చేయునదేమి? తెలిసిన శత్రువులకడ ఒక్క ఫ్రేమును పోనీయక అభ్యాసము చేయుదురు. తెలియని శత్రువులకడ రెండు మూడు దారులు సిద్ధపఱచుకొని, సుత్తివాని కదలికను చూచి అప్పటి కప్పుడు ఒకదాని నెన్నుకొందురు. అప్పటికిని చెడినచో, దిగులు పడక మొదటినుండి ఆరంభింతురు. అమెరికాలో 2010 మొదలుకొని 'గేమ్స్ డన్ క్విక్' అను పేర ఇట్టి ఆటగాండ్రు కూడి, ఆటలు చూపి, ధర్మకార్యములకు విరాళములు సేకరించుచున్నారు. కేన్సరు నివారణకై పాటుపడు సంస్థకును, యుద్ధభూములలో సేవచేయు వైద్యుల సంఘమునకును ఆ ధనము చేరినది.

కావున మీ కుఱ్ఱవాడు విసుగుతో ఆట నాపినప్పుడు, "నీ చేయి తప్పినదా, సుత్తి తగిలినదా?" యని యడిగి చూడుడు. చేయి తప్పినచో దిద్దుకొనవలయును. సుత్తి తగిలినచో తన్ను తాను నిందించుకొన పనిలేదు. పరీక్షలోనైనను వ్యాపారములోనైనను ఈ రెంటికిని గల భేదమును గుర్తింపలేకయే ఎందఱో పిల్లలు నిస్పృహ చెందుచున్నారు. ఆటకు వేళ నిర్ణయించుట తల్లి విధి. ఆ వేళలో బిడ్డ నేర్చుచున్నదేమో కనిపెట్టుటయు తల్లి విధియే యని మా యభిప్రాయము.