ప్లాటు చూడబోతే మొహమాటం ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున శామీర్‌పేట, తుర్కపల్లి, గౌరారం దాటి రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ వైపు వచ్చే కార్లు చాలావరకు ఏదో ఒక వెంచర్‌కు పోతుంటాయి. గజ్వేల్‌కు రైలొచ్చింది. మర్కూక్ దగ్గర 2020లో కొండపోచమ్మ సాగర్‌కు నీళ్లొచ్చాయి. రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం ఇటే వస్తోంది. దాంతో భూమి మీద ఆశ పెరిగింది. అమెరికాలో అమ్మకానికి పెట్టిన ఇంటిని వారాంతంలో తలుపులు తెరిచి అందరినీ చూసిపొమ్మంటారు. మన దగ్గర దానికి సాటి సైట్ విజిటే. అక్కడ ఎలా మసలుకోవాలన్న విషయంలో మనకున్న అపోహలు చాలావరకు మొహమాటంలోంచి పుట్టినవి. వాటి వల్ల నష్టపోయేది జీవితకాలపు పొదుపు.

అపోహ: వాళ్ల కారెక్కి, వాళ్ల భోజనం తిన్నాక టోకెన్ ఇవ్వకుండా రావడం బాగుండదు.

వాస్తవం: కారూ భోజనమూ కంపెనీ ప్రచార ఖర్చు. అన్నం పెట్టినవాళ్లకు నిండు మనసుతో కృతజ్ఞత చెప్పండి. అంతకుమించి మీరు బాకీ లేరు. ‘ఈ రేటు ఇవాళే, రేపు గజం ధర పెరుగుతుంది’ అన్న మాటకు ఇంటికెళ్లి ఆలోచించి చెబుతామనడమే తగిన జవాబు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయించకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇవ్వదలచుకుంటే చిన్న మొత్తం ఇచ్చి, రసీదు తీసుకోండి. వద్దనుకుంటే ఆ డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో అందులోనే రాయించండి.

అపోహ: కాగితాలు అడిగితే నమ్మకం లేదని నొచ్చుకుంటారు.

వాస్తవం: నిజాయతీగా వెంచర్ వేసినవాళ్లు ఈ ప్రశ్నలకు సిద్ధంగానే ఉంటారు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచర్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా 2016 నాటి ఆ చట్టం ప్రకారం తప్పు. ‘ప్రీ లాంచ్’ పేరుతో బుకింగులు తీసుకోవడం కూడా ఆ తప్పు కిందికే వస్తుంది. అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి. బ్రోచర్‌లోని నంబరును రెరా వెబ్‌సైట్‌లో అక్కడే, ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

తర్వాత సర్వే నంబరు అడగండి. రింగు రోడ్డు దగ్గరైతే లాభమేనని అందరూ అంటారు గానీ, ఆ నంబరే భూసేకరణలో ఉంటే ప్లాటే మిగలదు. లేఔట్‌కు సంబంధిత ప్రభుత్వ సంస్థ అనుమతి ఉందా, అది టెంటేటివా ఫైనలా అడగండి. ఫైనల్ కాకముందు కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి. మీకు చూపిస్తున్నది వాటిలోది కాదని నిర్ధారించుకోండి. పంచాయతీ కాగితం ఒక్కటే చూపిస్తే ఆగిపోండి. అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లకు ప్రభుత్వం 2020 ఆగస్టులోనే అడ్డుకట్ట వేసింది. ‘ఫామ్ ప్లాటు’ అని గుంటల్లో, అంటే 121 గజాల లెక్కన అమ్ముతుంటే అది సాగుభూమి. ఇల్లు కట్టాలంటే నాలా (వ్యవసాయేతర భూమిగా) మార్పిడి కావాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు నకళ్లుగా ఇమ్మని అడగడం కొనేవాడి కనీస బాధ్యత.

అపోహ: పక్క రైతును, ఊరివాళ్లను అడగడం వెనకాల కూపీ లాగినట్టవుతుంది.

వాస్తవం: వానాకాలంలో ఆ భూమిలో నీళ్లు నిలుస్తాయా, దారి ఎవరిది, అన్నదమ్ముల తగాదా ఉందా అన్నవి బ్రోచర్‌లో ఉండవు, ఊరికి తెలుస్తాయి. నమస్కారం పెట్టి అడగండి. అయితే ఫొటో కోసం పత్తి చేలోకి, మక్క చేలోకి దిగకండి. గట్టు మీదే నడవండి. పంట రైతు కష్టం.

అపోహ: కొనేవాళ్లం కాబట్టి ఏ తలుపైనా తీసి చూడొచ్చు.

వాస్తవం: గజ్వేల్‌లోనో ప్రజ్ఞాపూర్‌లోనో మనుషులు కాపురముంటున్న ఇంటిని చూడబోతే అది ఇంకా వాళ్ల ఇల్లే. ముందు ఫోన్ చేసి వెళ్లండి. చెప్పులు బయట విడవండి. పూజగది, పడకగది, బీరువా దగ్గర అడిగి అడుగు వేయండి. ఒప్పుకుంటేనే ఫొటో తీయండి. వాస్తు దోషాలు వాళ్ల ముందు ఎంచకండి. కుళాయి తిప్పడం, గోడ చెమ్మ చూడటం మాత్రం మీ హక్కు, చెప్పి చూడండి.

అపోహ: నచ్చకపోయినా ‘చూస్తాం’ అనడమే మర్యాద.

వాస్తవం: చాలామంది ఏజెంట్లకు అమ్మకం జరిగితేనే కమీషన్. మీ ‘చూస్తాం’ను నమ్ముకుని ఆయన వారాల తరబడి ఫోన్ చేస్తుంటాడు. వద్దనుకుంటే, ‘అన్నా, మాకు కుదరదు’ అని ఆ సాయంత్రమే చెప్పేయండి.