కరిగి కాపాడే ఫ్యూజు

కారులో పాటలు బిగ్గరగా వినాలనే ముచ్చటతో కొందరు డిక్కీలో పెద్ద ఆంప్లిఫయరును అమర్చుకొంటారు. దానికి విద్యుత్తు ముందుభాగంలో బానెట్ కిందనున్న బ్యాటరీ నుండి రావాలి. ఈ రెండింటినీ కలిపే తీగ నాలుగైదు మీటర్లుంటుంది. ఆ తీగలో ఒకటి, ఆంప్లిఫయరుకు మరొకటి, ఇలా సాధారణంగా రెండుచోట్ల ఫ్యూజులు కనిపిస్తాయి. ఆ రెండింటి పనీ ఒక్కటే అనుకోవడం పొరపాటు.

‘ఫ్యూజు’ అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు ‘కరిగించు’ అని అర్థం. పేరులోనే పని ఉంది. చిన్న ప్లాస్టిక్ తొడుగులో తేలికగా కరిగే సన్నని లోహపు పట్టీ ఉంటుంది. తీగలో ప్రవాహం రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుందని 1841లో జౌల్ ప్రకటించాడు. ఆ వేడికి పట్టీ కరిగి, ప్రవాహం ఆగిపోతుంది. అయితే 30 ఆంపియర్ల ఫ్యూజు గుండా 40 ఆంపియర్లు పోతే అది తెగడానికి నిమిషాలు పట్టవచ్చు; వందల ఆంపియర్లు పోతే రెప్పపాటు చాలు.

మన ఇళ్ళలో విద్యుత్తు 230 వోల్టులు. కారు బ్యాటరీది 12 వోల్టులే. 600 వాట్ల శక్తికి ఇంట్లో 3 ఆంపియర్ల లోపే సరిపోతుంది. కారులో 50 ఆంపియర్లు కావాలి. అందుకే అంత లావుపాటి రాగితీగ.

అసలు ప్రమాదం ఈ తీగలోనే పొంచి ఉంది. కారు ఇనుప దేహమంతా బ్యాటరీ రుణధ్రువంతో కలిసి ఉంటుంది. ఇంజను గది రేకుకు చేసిన రంధ్రం గుండా దూరివచ్చే తీగ, కుదుపులకు ఆ అంచును ఒరుసుకొని ఒరుసుకొని, ఒకనాటికి పైతొడుగు చిరిగిందనుకోండి. రాగి ఇనుమును తాకగానే బ్యాటరీ వందల ఆంపియర్లను కుమ్మరిస్తుంది. తీగ ఎర్రగా కాలి, పక్కనున్న తివాచీ అంటుకొంటుంది. ఆ సమయంలో ఆంప్లిఫయరు ఫ్యూజు చల్లగానే ఉంటుంది. ఆ ప్రవాహం దాని దాకా రానేరాదు కదా! కనుక తీగను కాపాడే ఫ్యూజును బ్యాటరీకి మూరెడు దూరంలోపే అమర్చాలి. దాని విలువ ఆ తీగ మందం భరించగలిగిన ప్రవాహాన్ని మించకూడదు. ఆంప్లిఫయరు ఫ్యూజు ఆంప్లిఫయరుకే కావలి.

ఫ్యూజు పదేపదే పోతుంటే విసిగి, పెద్దది వేసేవారూ, రాగిపోగు చుట్టేవారూ ఉన్నారు. అప్పుడు తీగే ఫ్యూజుగా మారుతుంది! పట్టీ కరగవలసిన చోట తీగ కాలుతుంది. పసుపుపచ్చని 20 ఆంపియర్ల ఫ్యూజు పోతే మరల పసుపుపచ్చనిదే వేయాలి, ఆకుపచ్చని 30 ఆంపియర్లది కాదు. అదీ పోతే, మూడవది కొనడానికి ముందు తీగ పొడవునా ఎక్కడ ఒరుసుకొన్నదో వెదకాలి.