ఎక్కుటకొక మడమ, దిగుటకొక మడమ

మన జిల్లాలలో మంచు కురియదు. మాఘమాసపు తెల్లవారుజామున పొగాకు చేలపై నిలుచు పొగమంచే మనకు తెలిసిన మంచు. కనుక మోకాలి లోతు మంచులో నడక యనిన మనకు కథవలె తోచును. కాని ఆ నడకలోని కష్టము మనకు బొత్తిగా తెలియనిది కాదు. గుంటూరు ప్రాంతపు జిన్నింగు మిల్లు ఆవరణలో పోసిన పత్తికుప్పపైకి ఎక్కినవానిని చూడుడు. ఒక కాలు పైకి తీయబోగా రెండవ కాలు మరింత లోపలికి దిగును. అదే కుప్పపై ఒక బల్ల పరచి నడచినచో దిగబడడు. మనిషి బరువు తగ్గలేదు. అది ఆనిన చోటు విశాలమైనది, అంతే. మంచుదేశముల వారు కాళ్ల క్రింద తగిలించుకొను పొడవైన సన్నని పలకలకు స్కీలు అని పేరు. దిగబడకుండ చేయుట వాని మొదటి పని. అడుగుభాగము నున్నగా నుండుటచేత వాలుపై జారుటకును అవి పనికివచ్చును.

కొత్తపట్నము నుండి ఒక శ్రోత ఇటీవల ఒక ప్రశ్న పంపినారు. అమెరికాలోని డెన్వరు నగరమున ఉద్యోగము చేయుచున్న వారి కుమారుడు రెండేండ్లుగా స్కీ క్రీడ నేర్చుకొనుచున్నాడట. ఈ శీతకాలమున "అడాప్టరు" అనునదొకటి కొని, రోప్‌వే లేని కొండలకు కూడ పోవుదునని వ్రాసినాడట. ఆ వస్తువేమి, దానివలన అపాయమేమైన కలదా అని వారి ప్రశ్న. కరెంటు ప్లగ్గుకు తగిలించు అడాప్టరు మనకందరకు తెలియును. ఇదియు ఆ జాతిదే: తమలో తాము పొసగని రెండు వస్తువుల నడుమ నిలిచి పొసగించు మూడవ వస్తువు. ఇక్కడ పొసగనివి ఏవో తెలియవలెనన్న ముందుగా మడమ సంగతి చెప్పుకొనవలెను.

సముద్రపుటొడ్డున ఇసుకలో రబ్బరు చెప్పులతో నడచునపుడు పాదమును గమనింపుడు. చెప్పు వేళ్ల దగ్గర మాత్రమే పట్టుకొని యుండును. ప్రతి అడుగునకు మడమ చెప్పును విడిచి లేచును. మడమను చెప్పునకు, ఆ చెప్పును ఒక నిలువెత్తు పలకకు బిగించినచో మనిషి ఒక్క అడుగైన సుఖముగా వేయలేడు. కావున మంచులో ఎత్తునకు నడచువానికి వేళ్లు బిగిసి యుండవలెను, మడమ విడిగా ఉండవలెను.

వాలుపై దిగునపుడు సంగతి తారుమారగును. గంటకు నలుబది, యేబది కిలోమీటర్ల వేగమున జారువాడు మలుపు తిరుగుటకు స్కీ అంచును మంచులోనికి నొక్కవలెను. మడమ లేచిపోవుచుండినచో ఆ నొక్కుడు పలకకు సరిగా అందదు. మనిషి ముందునకు తూలును. మడమ విడిచియే మోకాలు వంచి తిరుగు పద్ధతి యొకటి నార్వేలో పుట్టి నేటికిని నిలిచియున్నది గాని, దానిని నేర్చుకొనుట కష్టము. సామాన్యునకు దిగుటకు బిగిసిన మడమయే మేలు.

ఈ తగవు నేటిది కాదు. నార్వేలోని టెలిమార్క్ సీమకు చెందిన సోండ్రె నార్‌హైమ్ చెట్ల వేరులను పేని మడమ చుట్టు కట్టు కట్టినాడు. 1868లో నేటి ఆస్లో నగరమున జరిగిన పోటీలో అతని నేర్పు చూచి జనులు విస్తుపోయిరి. 1890 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రియాకు చెందిన మథియాస్ జ్దార్‌స్కీ, వేళ్ల దగ్గర కీలుతో లేచు లోహపు పలకను కల్పించినాడు. తలుపునకు మడతబందు ఎట్లో, పాదమునకు ఈ కీలు అట్లు. ఈనాటి అడాప్టరునకు దీనినే ముత్తాతగా చెప్పుకొనవచ్చును. 1930 ప్రాంతమున స్విట్జర్లాండు వాడైన గీడో ర్యూజ్ "కాందహార్" బైండింగును తెచ్చినాడు. బైండింగు అనగా బూటును స్కీకి పట్టియుంచు సాధనము. ఇందులో మడమ చుట్టు ఒక ఉక్కుతీగ తిరుగును. ఆ తీగను ముందు కొక్కెములకు మాత్రమే తగిలించిన మడమ లేచును. మడమ దగ్గరి క్రింది కొక్కెములకు కూడ తగిలించిన మడమ బిగియును. ఒకే సాధనమున ఎక్కుడును దిగుడును సమకూడినవి.

ఆఫ్ఘను దేశపు ఊరి పేరు ఆల్ప్స్ పర్వతములకు ఎట్లు పోయినదని అడుగవచ్చును. 1880లో కాబూలు నుండి కాందహారునకు సేనను నడపిన రాబర్ట్స్ దొరకు ఆ ఊరి పేరే బిరుదమైనది. ఆయన 1911లో స్కీ పందెమునకు ఒక కప్పు బహూకరించినాడు. దానివలన పందెమునకును, అటుపిమ్మట బైండింగునకును ఆ పేరు వచ్చినది. ఈ రాబర్ట్సే 1881 నుండి 1885 వరకు మదరాసు సైన్యమునకు సేనాధిపతి.

ఇంత చక్కని ఉభయతారకమైన సాధనము ఏల పోయినదన్న, కారణము యంత్రము. 1936లో అమెరికాలోని సన్ వాలీ అను చోట, తీగకు వ్రేలాడు కుర్చీలలో మనుషులను కొండపైకి చేర్చు ఏర్పాటు మొదటిసారిగా జరిగినది. ఓడలలోనికి అరటిగెలలను ఎక్కించు యంత్రమును చూచి, గెలలకు బదులు కుర్చీలు తగిలించినాడట ఆ ఇంజనీరు. ఆ తరువాత ఎక్కు శ్రమయే లేకపోయెను. ఎక్కనివానికి లేచు మడమ యెందులకు? బైండింగులు దిగుటకు మాత్రమే తగినట్లు నానాటికి గట్టిపడినవి, బూట్లు ఇనుపతొడుగుల వంటివైనవి. గట్టి పట్టు వలన కాళ్లు విరుగజొచ్చినవి. 1937లో కాలు విరిగి ఆసుపత్రిలో పడుకొనియున్న యాల్మార్ వామ్ అను నార్వేజియను, అమెరికాలో స్థిరపడినవాడు, పడినప్పుడు తానై విడిపోవు బైండింగును ఊహించి, 1939 నాటికి విపణికి తెచ్చినాడు. నేటి బైండింగులన్నియు ఆ ధర్మమును పాటించునవే. స్ప్రింగు బిగువును మనిషి బరువునకును నేర్పునకును తగినట్లు అమర్తురు. పాదము మెలిపడి ఎముకపై భారము పెరిగినచో, ఎముక విరుగక ముందే బూటు విడివడును.

ఇప్పుడు మన యువకుని స్థితి చూడుడు. అతని కాళ్లకు దిగుటకు మాత్రమే పనికివచ్చు బైండింగు కలదు. రోప్‌వే ఆగిన చోటికి ఆవలనున్న తెల్లని శిఖరముపై మనసు పోయినది. అచ్చటికి నడువవలెను, నడుచుటకు మడమ లేవదు. కొత్త బైండింగులు, కొత్త బూట్లు కొనుటకు ధనము చాలదు. ఇట్టివారి కొరకు ఏర్పడినదే అడాప్టరు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 1994లో స్థాపితమైన బ్యాక్‌కంట్రీ యాక్సెస్ అను సంస్థ అమ్మిన "ఆల్పైన్ ట్రెక్కర్" ఈ జాతిలో పేరుపడినది. తరువాత "డేమేకర్" అను మరియొకటి వచ్చినది.

దాని నిర్మాణము ఇట్లుండును. పాదమంత పొడవైన ఒక చట్రము. దాని ముందుకొన బూటు ముందుకొన ఆకారమున, వెనుకకొన బూటు మడమ ఆకారమున ఉండును. స్కీపైని బైండింగు దీనిని బూటే యనుకొని పట్టుకొనును. ఆ చట్రముపై వేళ్ల వైపు కీలుగల మరియొక అమరిక కలదు. అసలు బూటును దానికి బిగింతురు. చట్రము స్కీని వదలదు, బూటు కీలుపై లేచి దిగుచుండును. నిటారైన చోట మడమ క్రింద నిలుపుటకు ఒక చిన్న ఊతకమ్మి కూడ ఉండును. దానివలన పాదము మెట్టుపై నిలిచినట్లుండి పిక్కలకు శ్రమ తగ్గును. శిఖరము చేరిన పిమ్మట అడాప్టరులను ఊడదీసి వీపు సంచిలో వేసికొని, బూటును తిన్నగా బైండింగులో నొక్కి దిగుదురు.

నున్నని స్కీ వాలుపైకి పోవునపుడు వెనుకకు జారదా యన్న సందేహము సహజము. దానికి అడుగున ఒక పట్టీ అంటింతురు. పూర్వము సీలు జంతువు తోలు, నేడు అంగోరా మేక వెండ్రుకలు లేక నైలాను. వరి ఆకును మొదటినుండి కొనవైపు నిమిరిన నున్నగా జారును, కొననుండి మొదటివైపు నిమిరిన వేలిని కోయును. ఈ పట్టీ గుణమును అట్టిదే: ముందునకు జారును, వెనుకకు పోనీయదు. అడాప్టరు ఉండి పట్టీ లేనివాడు కొండ పాదముననే ఉండును.

ఇక లోపములు. మొదటిది బరువు. ఒక్కొక్క పాదమునకు అర కిలో అదనపు భారమనుకొందము. గంటకు ఒక్కొక్క కాలితో వేయి అడుగులు వేసినచో, ఆ గంటలో ఒక కాలు అదనముగ ఐదువందల కిలోలు ఎత్తినట్లే. వీపుపైని అర కిలో మనకు తెలియదు. పాదమునకు కట్టిన అర కిలో మధ్యాహ్నమునకు బండరాయి యగును. రెండవది ఎత్తు. బూటునకును స్కీకిని నడుమ మరియొక అంతస్తు లేచుటచేత, అడ్డవాలుపై గట్టి మంచు నెదుర్కొన్నపుడు చీలమండ ప్రక్కకు ఒరుగజూచును. మూడవది బూటు. వాలుదిగు బూటు చీలమండను కదలనీయదు. పట్టీలు వదులు చేసికొని నడచినను కాలు చాపి అడుగు వేయుట కుదరదు. పైగా నేటి బూట్ల అడుగులు ఒకే విధమైనవి కావు, వానికి వేర్వేరు అంతర్జాతీయ ప్రమాణములు కలవు. తన బూటు ఆ అడాప్టరులో సరిగా కూర్చుండునో లేదో దుకాణములోనే చూచుకొనవలెను గాని కొండపై కాదు.

వీనికంటె ముఖ్యమైనది ఒకటి. ఎముకను కాపాడునట్లు విడివడు ధర్మము బైండింగునకు, బూటునకు నడుమ కుదిర్చినది. నడుమ అడాప్టరు చేరిన తరువాత ఆ కుదురు చెడును. కనుక అడాప్టరుపై నిలిచి, కొంచెము దూరమే కదా యని వాలున జారుట తగదు. దారి మధ్య చిన్న దిగుడు వచ్చినచో బద్ధకింపక ఊడదీయవలెను, లేదా మెల్లగా అడుగులు వేయుచు దిగవలెను. ఊడదీసిన పిదప బూటు అడుగున గడ్డకట్టిన మంచును గీకివేయక నొక్కినచో బైండింగు మూసికొన్నట్లే కనబడి పూర్తిగా మూసికొనదు.

అందుచేత అడాప్టరు తగని వస్తువా? అట్లనజాలను. ఏడాదికి రెండు మూడు మారులు గంట, గంటన్నర నడకకు, ఈ వ్యాయామము తన కిష్టమో కాదో తేల్చుకొనుటకు అది చాలును. తరచుగా పోదలచినవానికి వేరు సాధనములున్నవి. ఆస్ట్రియా దేశీయుడైన ఫ్రిట్జ్ బార్తెల్, బరువైన సామగ్రితో మాంట్ బ్లాంక్ శిఖరమెక్కి విసిగి, 1984లో బూటు ముందుభాగమును రెండు సూదిమొనల నడుమ పట్టు తేలికయైన బైండింగును కనిపెట్టినాడు. 1995లో స్విట్జర్లాండు నుండి ఫ్రిట్షి సంస్థ వారి "డయామిర్", 2018లో "షిఫ్ట్" అను బైండింగు వచ్చినవి. ఎక్కుటకు మడమ విడుచుట, దిగుటకు బిగించుట ఒకే సాధనమున మరల సమకూడినవి. కాందహారు తీగ చేసిన పనియే ఇది. నడుమ అరువదేండ్లు గడచినవి.

అసలు భయము కాలి విరుగుడు కాదు. రోప్‌వే గల చోట మంచును ప్రతి ఉదయమును పరీక్షించి, విరిగిపడునట్లున్న చరియలను ముందే కూల్చివేసి, కాపలా యుంచి, అపాయమున్న దారులను మూసివేయుదురు. నడువలేకపోవుట ఇన్నాళ్లు మన యువకుని ఆ హద్దులలో నిలిపినది. అడాప్టరు కొన్ననాడు ఆ హద్దు పోయినది. హద్దునకు ఆవల మంచును పరీక్షించు బాధ్యత అతనిదే. మంచుచరియలు సాధారణముగా ముప్పది నుండి నలుబదియైదు డిగ్రీల వాలులలో విరుగును. స్కీ ప్రియులు కోరునదియు ఆ వాలునే. కాశ్మీరములోని గుల్మార్గ్‌లో రోప్‌వే దాదాపు 3,950 మీటర్ల ఎత్తునకు పోవును. 2023 ఫిబ్రవరి 1న అచ్చటి వాలులపై చరియ విరిగి పోలండు దేశీయులిద్దరు మరణించిరి. ఈ పేరు మన తెలుగు ఇండ్లకును క్రొత్త కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు క్రింద చిక్కిన పదిమంది సైనికులలో కర్నూలు జిల్లావాడు ఒకడు.

మంచులో పూడినవానిని మొదటి పది పదిహేను నిమిషములలో తీసినచో బ్రతుకు ఆశ మెండు. ఆ పిదప త్వరత్వరగా సన్నగిలును. పట్టణము నుండి సాయము వచ్చులోపల అంతయు ముగియును. తీయవలసినవారు ప్రక్కనున్న తోడివారే. అందులకు ప్రతివాడు మూడు వస్తువులు మోయవలెను: ఒక పార, గ్రుచ్చి చూచుటకు మడతపెట్టు పొడవైన కడ్డీ, ఒక చిన్న రేడియో యంత్రము. రేడియోగల ఇండ్లవారికి ఈ మూడవదానిని గూర్చి రెండు మాటలు చెప్పక విడువజాలను. ఇది 457 కిలోహెర్ట్‌జ్‌ల వద్ద, అనగా మీడియం వేవ్ పట్టీకి కొంచెము దిగువన, అదేపనిగా టిక్కుటిక్కున సంకేతము పంపుచుండును. నడచునంతసేపు అందరి యంత్రములు పంపుచునే యుండవలెను. ఎవడైన పూడినచో తక్కినవారు తమ యంత్రములను పంపుడు నుండి వినుడునకు త్రిప్పుదురు. ట్రాన్సిస్టరును చేతబట్టి అటునిటు త్రిప్పినపుడు ధ్వని హెచ్చుతగ్గులగుట మీరెరుగుదురు. లోపలి ఫెర్రైటు కడ్డీ దిక్కును బట్టి అట్లగును. ఈ యంత్రములోను అట్టి కడ్డీలే దిక్కు చెప్పును. అందుబాటు కొన్ని పదుల మీటర్లు మాత్రమే. బాణపు గుర్తును, అంకెను చూచుచు దగ్గరకు పోయి, కడ్డీ గ్రుచ్చి, త్రవ్వుదురు. ఇంటి పెరటిలో ఒకదానిని దాచి వెదకుట పలుమారులు అభ్యసించినవానికే ఆ నిమిషములు సరిపోవును. వెదకునపుడు సెల్‌ఫోనును యంత్రమునకు కనీసము అర మీటరు ఎడముగా ఉంచవలెను. పాత రేడియో ప్రక్కన ఫోను పెట్టినపుడు వినవచ్చు గరగర వంటిదే అక్కడ లేని మనిషిని ఉన్నట్లు చూపును.