పొట్ట ఈకల్లో నీళ్లు మోసే తండ్రి

ఎండాకాలంలో పాలమూరు, నల్లగొండ వైపు వెళితే చూసితీరాల్సిన అరుదైన పిట్ట ఏది? ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. చాలామంది చెప్పే జవాబులు రెండు. తొలకరికి కాస్త అటూ ఇటూగా కనిపించే చాతకం ఒకటి: నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన కుచ్చు. వానలకు ముందు నల్లమల అడవుల్లో పొద్దున్నే, మునిమాపు వేళ ఈల వేసే రంగురంగుల పొన్నంగి పిట్ట రెండోది. ఫొటోలకు గిరాకీ ఈ రెంటికే. నా ఓటు మాత్రం ఎవరూ కెమెరా ఎక్కుపెట్టని మట్టిరంగు పిట్టకు.

పక్షి పరిశీలకులు దాన్ని శాండ్‌గ్రౌస్ అంటారు. 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చేసిన జెర్డన్, తెలుగువాళ్లు దీన్ని జాంపోలంక అంటారని రాసుకున్నాడు. మనమూ అదే పేరుతో పిలుద్దాం. సుమారు 200 గ్రాముల బరువు, సన్నగా మొనదేలిన తోక, మగదానికి నల్లబారిన ముదురు గోధుమరంగు పొట్ట. చెలకల్లో, పడావు భూముల్లో, గులకరాళ్ల మిట్టల మీద గుంపులుగా తిరుగుతుంది. కదలకుండా కూర్చుంటే పక్కనుంచి నడిచిపోయినా మన కంటికి ఆనదు. గుంపు లేచి ఎగిరినప్పుడు వినిపించే రెండక్షరాల అరుపే దాని ఆనవాలు.

ఇక అసలు చిక్కు. ఈ పిట్ట తిండి అంతా ఎండు గింజలే. పురుగులు తినేవాటికి తిండిలోనే కొంత తడి దొరుకుతుంది, దీనికి ఆ వీలు లేదు. అందుకే ఎంత దూరమైనా ఎగిరి రోజూ నీటికి రావాల్సిందే. సాధారణంగా పొద్దెక్కాక వస్తుంది, ఎండలు ముదిరితే సాయంత్రం ఇంకోసారి. మన దగ్గర ఇది ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి మే దాకా, అంటే కుంటలు ఎండిపోయే కాలంలోనే. గూడు లేదు, నేల మీద చిన్న పల్లంలో మూడు గుడ్లు. పగలు ఆడది, రాత్రి మగది పొదుగుతాయి. పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే నడుస్తాయి, గింజలు వాటంతటవే ఏరుకుంటాయి. అవీ ఎండు గింజలే. నీళ్లేమో కిలోమీటర్ల దూరంలో, పిల్లలకేమో ఎగరడం రాదు. నీళ్లే పిల్లల దగ్గరికి రావాలి. ఎలా?

ఈ ముడి విడింది ఏ ఎడారిలోనూ కాదు. ఇంగ్లండులో పంజరాల్లో పక్షులు పెంచిన మీడ్-వాల్డో అనే ఆయన 1896లో తాను చూసినది రాశాడు. మగ శాండ్‌గ్రౌస్ ముందు పొట్టను పొడినేలకు రుద్దుకుంది. తర్వాత నీళ్ల పళ్లెంలోకి దిగి, ఈకలు విప్పార్చి, ఒళ్లు ఊపుతూ పొట్ట తడుపుకుంది. ఆపైన పిల్లల దగ్గరికెళ్లి నిటారుగా నిలబడింది. పిల్లలు దాని కిందికి దూరి, ఈకల్ని ముక్కుతో పట్టి నీళ్లు జుర్రుకున్నాయి.

పండితులు నమ్మలేదు. పంజరంలో పిట్ట వేసే పిచ్చివేషాలన్నారు. ఈకలు నీటిని నెడతాయి కానీ మోయడమేమిటన్నారు. వీళ్లను తప్పుదారి పట్టించింది పావురమని నా అనుమానం. జాంపోలంకలు పావురాలకు చుట్టాలని అప్పటికే ఒక అభిప్రాయం ఉంది. పావురం గొంతుసంచిలో ఊరిన పాలను కక్కి పిల్లలకు పెడుతుంది. మరి చుట్టం కూడా నీళ్లను అలాగే కక్కి పోస్తుందని వాదించినవాళ్లున్నారు. ఈ చుట్టరికానికి చూపిన రుజువూ గమ్మత్తైనదే. పావురం ముక్కు ముంచి తల ఎత్తకుండా నీళ్లు పీలుస్తుంది, జాంపోలంకా అంతేనన్నారు. పక్షిశాస్త్రజ్ఞుడు టామ్ కేడ్ బృందం ఆఫ్రికాలోని నమీబ్, కలహారీ ఎడారుల్లో పక్షుల్ని దగ్గరగా గమనించి, 1966లో అది తప్పని రాసింది. ఈ పిట్ట ముక్కు నిండా నీళ్లు తీసుకుని, తల పైకెత్తి మింగుతుంది. తమాషా ఏమిటంటే, 2014లో పక్షుల జన్యుక్రమాలను పోల్చి చూసినప్పుడు ఇవి నిజంగానే పావురాలకు దగ్గరి చుట్టాలని తేలింది. రుజువు తప్పు, తీర్పు ఒప్పు!

1967లో అదే కేడ్, గోర్డన్ మెక్లీన్‌తో కలిసి మీడ్-వాల్డో మాట అక్షరాలా నిజమని ఎడారి సాక్ష్యంతో నిరూపించాడు. అప్పటికి 71 ఏళ్లు గడిచాయి. మగపక్షి పొట్ట ఈకలు తమ పొడి బరువుకు 15 నుంచి 20 రెట్ల నీటిని పట్టి ఉంచుతాయని వాళ్లు తూచి చెప్పారు. స్పాంజి పట్టేది అయిదారు రెట్లే.

నాకు ముచ్చటేసేది ఆ ఈక లోపలి పనితనం. మామూలు ఈకలో నడుమ ఒక కాడ, కాడకు రెండు వైపులా పాయలు, ఒక్కో పాయకు మళ్లీ సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగులకు కొక్కేలుంటాయి. పక్కపక్క పోగులు కొక్కేలతో పట్టుకుని బిగుతైన రేకుగా మారతాయి. నీళ్లు జారిపోయేది అందుకే. జాంపోలంక మగదాని పొట్ట ఈకల్లో నీటిని పట్టే భాగాన పోగులకు ఆ కొక్కేలు లేవు. పొడిగా ఉన్నప్పుడు ప్రతి పోగూ మెలి తిరిగి, చుట్టలు చుట్టుకుని ఈకకు అంటుకుని పడుకుంటుంది. తడి తగిలిందా, చుట్ట విప్పుకుని నిలువుగా లేస్తుంది. అలా వేల పోగులు ఈక లోపలి ముఖం మీద మిల్లీమీటరు ఎత్తున దట్టంగా మొలిచినట్టు నిలబడతాయి. వాటి మధ్య సందులు ఎంత ఇరుకంటే, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు నీళ్లు వాటంతటవే చొరబడి అక్కడే ఆగిపోతాయి. పైగా ఆ ముఖం ఒంటి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి ఎగిరేటప్పుడు వడగాలి నేరుగా సోకదు.

2023 ఏప్రిల్‌లో ఇంకో మెలిక బయటపడింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని యోఖెన్ ముల్లర్, ఎంఐటీలోని లోర్నా గిబ్సన్ హార్వర్డ్ మ్యూజియంలోని ఆఫ్రికా జాతి శాండ్‌గ్రౌస్ ఈకల్ని తడుపుతూ, ఆరబెడుతూ సూక్ష్మదర్శినుల కింద చూశారు. కాడకు దగ్గరున్న పోగులు మెలి విప్పుకుని నీటిని పడతాయి. అంచున ఉన్న పోగులు నిటారువి. అవి తడిసి లోపలికి వంగి, పట్టిన నీటి మీద కప్పు వేస్తాయి. ఒకే ఈకలో నింపే పని ఒకరిది, మూత పెట్టే పని ఇంకొకరిది. ఇదంతా కలిసి సుమారు 25 మిల్లీలీటర్లు, అంటే ఒంటి బరువులో 15 శాతం దాకా. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో 20 కిలోమీటర్లు ఎగిరినా, దారిలో ఆవిరైంది పోగా పిల్లలకు సరిపడా మిగులుతుంది.

దీనితో మనకేం లాభం? కొండలెక్కేవాళ్లకు నీళ్లు తొణకని సీసాలు, పొగమంచును పట్టే వలలు చేయొచ్చని ఆ శాస్త్రజ్ఞులే అన్నారు. పత్రికలు సీసా కోసమే ఈ పరిశోధన జరిగినట్టు రాశాయి. ఒక పిట్ట ఈక ఇంత తెలివిగా పనిచేస్తుందంటే ఆ తెలివే లాభం కాదా?

నన్ను ఇంకా ఎక్కువ గిచ్చేది మరో సంగతి. ఈ పిట్టకు కావాల్సింది రెండే: బోడి నేల, లోతు లేని నీటి అంచు. కల్వకుర్తి ఎత్తిపోతల వంటి పథకాలతో నీళ్లొచ్చాయి. వలసలతో అలసిన పాలమూరుకు అవి రావాల్సినవే. కానీ బోడి నేల పేరు మన లెక్కల్లో బంజరు. తుప్పలు మొలిచిన మెరకల్ని కూడా జాతీయ వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ పనికిరాని భూమి కిందే చూపిస్తుంది. ఆ ముద్ర పడ్డాక దాన్ని దున్నినా, ప్లాట్లు వేసినా, చెట్లు నాటి అడవి చేశామన్నా అడిగేవాడుండడు. కృష్ణకు అవతల రోళ్లపాడులో బట్టమేకపిట్ట కనుమరుగైనా మనకు బుద్ధి రాలేదు.

కాబట్టి పాఠకుడికి నా జవాబు ఇదీ. సలీం అలీ 1931-32లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేసి నల్లమలలోని ఫరహాబాద్ దాకా తిరిగాడు. అలాంటి జాబితాలో పేరు చేర్చాలంటే పిట్ట కనబడితే చాలు. మీరు ఇంకొంచెం ఓపిక పట్టండి. ఏప్రిల్‌లోనో మేలోనో దేవరకొండ, అచ్చంపేట వైపు ఎండుతున్న కుంట కనబడితే, పొద్దెక్కాక గట్టుకు దూరంగా కూర్చోండి. వచ్చిన పిట్టలన్నీ నాలుగు గుక్కలు తాగి లేచిపోతాయి. ఒక మగది మాత్రం పొట్ట మునిగేదాకా దిగి, ఊగుతూ ఉండిపోతే, దగ్గర్లోనే ఎక్కడో దాని పిల్లలున్నట్టు. వెంటపడకండి. తేదీ, వేళ, ఊరి పేరు రాసి ఈబర్డ్‌లో చేర్చండి. బంజరని రాసుకున్న నేల మీద పిల్లలు పెరుగుతున్నాయనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.